కొండ నీడలో తంతి

మన దేశంలో టెలిగ్రాం ఎప్పుడు చచ్చిపోయిందని అడిగితే కచ్చితమైన తేదీ చెప్పొచ్చు. 2013 జూలై 15. ఆ రోజు నుంచి బి.ఎస్.ఎన్.ఎల్. తంతి సేవలు ఆపేసింది. ముందు రోజు ఆదివారం, పెద్ద నగరాల్లో జనం వరసలు కట్టి తమకు తామే ఆఖరి టెలిగ్రాములు కొట్టుకున్నారు. సరిగ్గా నెల తిరక్కుండానే, ఆగస్టు 14న, ఎక్కడో పరాయి దేశంలో అదే పేరుతో ఒక యాప్ పుట్టింది. ఇవాళ ఉదయగిరి బస్టాండులో ఏ కుర్రాణ్ణయినా "టెలిగ్రాం ఉందా?" అని అడిగితే "ఉంది" అనే అంటాడు. అతనికి తెలిసింది రెండోదే.

పేరు బతికింది, వస్తువు పోయింది. ఇంతేనా, ఇంకేమన్నా మిగిలిందా? ఇంటర్నెట్టు వచ్చాక పాత వార్తా సాధనాలన్నీ మ్యూజియంలోకి పోయాయని మా వృత్తిలో చాలామంది నమ్మకం. నేను సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి కాబట్టి ఆ నమ్మకం నాకూ సులువే. కానీ నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతాన్ని, అంటే ఆత్మకూరు, ఉదయగిరి వైపుని మనసులో పెట్టుకుని చూస్తే లెక్క అంత తేలిగ్గా తెమలదు. పాత సాధనం దేనివల్ల పోతుంది, దేనివల్ల ఉంటుంది అనేది నగరంలో కంటే అక్కడే బాగా కనిపిస్తుంది.

ముందు తంతి సంగతి. ఈ దేశంలో దాన్ని మొదలుపెట్టినవాడు ఒక డాక్టరు. విలియం ఓషానెసీ అనే ఐరిష్ వైద్యుడు 1839లో కలకత్తా దగ్గర మైళ్ళ కొద్దీ తీగ లాగి ప్రయోగం చేశాడు. 1850 దశకం మొదట్లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య లైను పడింది. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు ఒకే తీగ మీదికి వచ్చాయి, డబ్బు కట్టి ఎవరైనా వార్త పంపుకునే వీలు కలిగింది. తర్వాత తీగ చాలాచోట్ల రైలు పట్టాల వెంట నడిచింది. రైలు నడపడానికి తంతి కావాలి, తంతి స్తంభాలు పాతడానికి రైలు దారి అనువుగా ఉంటుంది. గూడూరు, నెల్లూరు, కావలి ఆ దారిలో ఉన్న ఊళ్ళు.

ఆత్మకూరు, ఉదయగిరి ఆ దారిలో లేవు. నెల్లూరు నుంచి ఆత్మకూరు యాభై కిలోమీటర్ల పైచిలుకు, ఉదయగిరి దాదాపు వంద. ఈ వైపుగా వచ్చే నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం మంజూరైంది 2011-12లో, పనులు ఇంకా సాగుతూనే ఉన్నాయి. అంటే తంతి పుట్టి, పెరిగి, పోయినంత కాలమూ ఈ మెట్టలో రైలు కూత వినపడలేదు. ఇలాంటి ఊళ్ళకి వార్త చేరడమంటే తీగ ఉన్నంతవరకూ తీగ మీద, ఆ పైన సైకిలు మీద, ఇంకా లోపలైతే కాలినడకన. నగరం నుంచి నగరానికి నిమిషాల్లో వచ్చిన వార్త చివరి పదిమైళ్ళకి ఒక పూట తీసుకునేది. ఇవాళ మా వాళ్ళు 'లాస్ట్ మైల్' సమస్య అని పెద్ద పేరు పెట్టి చెప్పుకునేది ఇదే.

ఇంకో దూరం కూడా ఉండేది, భాషది. తంతి వార్త ఇంగ్లీషులో వచ్చేది, లేదా ఇంగ్లీషు అక్షరాల్లో. 1949లో దేవనాగరి లిపిలో కూడా తంతి మొదలైంది గానీ దానివల్ల మెట్ట రైతుకి ఒరిగిందేమీ లేదు. మాటకింత అని డబ్బు కాబట్టి క్రియలూ విభక్తులూ ఊడిపోయి నాలుగు ముక్కలు మిగిలేవి: తల్లి సీరియస్, వెంటనే బయలుదేరు. పండగలకీ పెళ్ళిళ్ళకీ అయితే శాఖవారే వాక్యాలు తయారుచేసి అంకెలు వేసి పెట్టారు. దీపావళికి ఒక అంకె, పెళ్ళికి ఒక అంకె. మనం అంకె చెబితే చాలు, అవతలివాళ్ళకి వాక్యం అందేది. ఇప్పుడు పుట్టినరోజుకి కేకు బొమ్మ నొక్కి పంపుతున్నామే, దాని తాత అన్నమాట.

ఆ కాగితం చదవడానికి పోస్టుమాస్టరో బడిపంతులో కావాలి. చావు కబురు ఇంటివాళ్ళకంటే ముందు ఊళ్ళో ఇంకొకరికి తెలిసేది. తంతి అనగానే గుండె దడ పుట్టేదని పెద్దవాళ్ళు చెప్పేదాంట్లో వార్త భయం ఒక్కటే లేదు. చదివేవాడి మొహంలోకి చూస్తూ నిలబడాల్సి రావడం కూడా ఉంది.

తర్వాత ఫోను. 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడి, ఏసీ గది అక్కర్లేని చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీలు తయారుచేసింది. ఒక్కోటి 128 లైన్లది. మన ఎండకీ దుమ్ముకీ తట్టుకునేలా చెయ్యడమే అందులో గొప్ప. దాంతో చిన్న ఊళ్ళలో పసుపు పచ్చ ఎస్టీడీ బూతులు వచ్చాయి. నెల్లూరు, కడప జిల్లాల నుంచి గల్ఫు దేశాలకి పనికి పోయినవాళ్ళ ఇళ్ళలో అది పెద్ద మార్పు. అంతకుముందు కబురంటే ఉత్తరం, లేకపోతే ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చిన క్యాసెట్టు. క్యాసెట్టులో గొంతు వినపడుతుంది గానీ బదులు చెప్పడానికి ఉండదు. బూతులో బదులు చెప్పొచ్చు, మీటరు చూసుకుంటూ. తీగ వెయ్యడం కుదరని పల్లెలకి రేడియో ద్వారా పంచాయితీ ఫోను పెట్టే ఏర్పాటు కూడా నడిచింది. బ్యాటరీలు నిలబడక, మరమ్మతు చేసే మనిషి దూరమై, అది మధ్యలోనే వాడిపోయింది. 1995లో మన దేశానికి వచ్చిన పేజర్లయితే పదేళ్ళు కూడా నిలవలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక బూతులకి ఆ కాస్త ఊపిరీ ఆగిపోయింది. ఇప్పుడు కువైట్‌లో ఉన్న తల్లి మొహం ఫోనులో కనిపిస్తుంది. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. బూతు ముందు నిలబడ్డవాళ్ళెవరూ ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకోరు.

కాబట్టి పాతదంటే ముచ్చటపడి ఏదీ బతకదు. పని తీరితే పోతుంది, అంతే. అయితే నాకు మూడు చోట్ల ఇంకా పని తీరని పాత సాధనాలు కనిపిస్తున్నాయి.

మొదటిది యంత్రం లోపల. తంతి వృద్ధి చెంది టెలిప్రింటరు అయింది. తీగకి ఆ చివర టైపు కొడితే ఈ చివర కాగితం మీద పడేది. కాగితం మీద వరస పూర్తవగానే రెండు పనులు జరగాలి: అచ్చుపెట్టె మళ్ళీ ఎడమ అంచుకి రావాలి, కాగితం ఒక గీత పైకి జరగాలి. రెండిటికీ రెండు సంకేతాలు. 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో అవి 13, 10 అంకెలుగా కూర్చున్నాయి. అవతల ఆపరేటరు నిద్రపోతుంటే గంట కొట్టి లేపడానికి 7 ఉంది. ఇవాళ కాగితమూ లేదు, అచ్చుపెట్టే లేదు. అయినా విండోస్‌లో రాసిన మామూలు టెక్స్టు ఫైలులో ప్రతి వరస చివరా 13, 10 పక్కపక్కనే ఉంటాయి. లినక్సు వాడేవాళ్ళు రోజూ చూసే 'టీటీవై' అంటే టెలిటైపే. మోడెముల కాలంలో వేగాన్ని కొలిచిన 'బాడ్' అనే మాట ఎమిల్ బోదో అనే ఫ్రెంచి తంతి ఇంజనీరు పేరు మీద వచ్చింది. అంటే తంతి కార్యాలయం మూసేశారు గానీ దాని ముగ్గు మీదే ఇల్లు కట్టుకున్నాం. ఇది సరదాకి చెప్పుకునే విషయమే, ఒప్పుకుంటాను. దీనివల్ల ఆత్మకూరులో ఎవరికీ లాభమూ లేదు, నష్టమూ లేదు.

రెండోది చట్టంలో. దీనివల్ల నష్టం ఉంది. 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం తంతి పోయినా పోలేదు. తంతి అంటే తీగ మీద పోయేదే కాదు, ఏ విధంగా పంపిన సంకేతమైనా సరే అని నిర్వచనం పెంచుకుంటూ వచ్చారు. 2017లో ఆ చట్టం కిందే, ఒక ప్రాంతంలో ఫోను, ఇంటర్నెట్టు తాత్కాలికంగా ఆపడానికి నియమాలు చేశారు. 2022 మే నెలలో కోనసీమ జిల్లాకి పేరు మార్చే విషయంలో అమలాపురంలో గొడవలు జరిగినప్పుడు అక్కడ కొన్ని రోజులపాటు ఇంటర్నెట్టు ఆపేశారు. అప్పటికి దేశంలో అమల్లో ఉన్నది ఆ పాత చట్టమూ దాని కింది నియమాలే. ఇంటి నుంచి పని చేసే కుర్రాళ్ళు సిగ్నల్ కోసం జిల్లా సరిహద్దు దాటాల్సి వచ్చింది. విక్టోరియా రాణి కాలంలో తంతి కోసం రాసిన కాగితం, తంతి చచ్చిన తొమ్మిదేళ్ళకి కూడా బతికున్న సాధనాన్ని ఆపగలిగింది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది, 2024 నుంచి విడతలుగా అమలవుతోంది. ఆపే అధికారం మాత్రం కొత్తదానిలోకి కూడా భద్రంగా బదిలీ అయింది.

చట్టం పక్కనే సాక్ష్యం ఉంది. చివరి రోజుల్లో టెలిగ్రాం ఎక్కువగా వాడింది ప్రేమికులూ బంధువులూ కాదు. కోర్టు పనులవాళ్ళు, ఆఫీసులు, సెలవు కోసం రుజువు కావాల్సిన సైనికులు. ఫలానా రోజున ఫలానా మాట చెప్పాను అనడానికి ముద్ర ఉన్న కాగితం కావాలి. ఇప్పుడు ఎస్సెమ్మెస్ అదే దారిలో ఉంది. 1992 డిసెంబరులో మొదటిది వెళ్ళింది. ఫోను టవరుతో తన కబుర్లు చెప్పుకునే కాలువలోనే మిగిలిన చోటులో సర్దుకుంటుంది కాబట్టి 160 అక్షరాలకి పరిమితి. పండగ శుభాకాంక్షలు దాంట్లో పంపుకోవడం మనుషులు ఎప్పుడో మానేశారు. బ్యాంకులూ, ఆధారూ, గ్యాసు కంపెనీలూ మాత్రం గట్టిగా పట్టుకున్నాయి. నెట్టు లేని బటన్ ఫోనుకి కూడా ఓటీపీ వస్తుంది కాబట్టి. బ్యాంకులో ఆ అంకెలు చదివిపెట్టమని పక్కవాళ్ళకి ఫోను చూపించే పెద్దాయన్ని మీరూ చూసే ఉంటారు. టెలిగ్రాం చదివిపెట్టిన పంతులు గుర్తుకొస్తాడు. ఆనాడు చదివేవాడికి చావు కబురు ముందు తెలిసేది, ఇప్పుడు ఖాతా తాళం తెలుస్తుంది. రాత మారింది గానీ చదివేవాడి మీద ఆధారపడటం పోలేదు.

మూడోది కొండల్లో. అసలు ప్రశ్న ఇక్కడ ఉంది.

ఉదయగిరి దుర్గం సముద్రమట్టానికి మూడు వేల అడుగుల పైన ఉంటుంది. కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి దాన్ని తీసుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి వెయ్యాల్సి వచ్చింది. 1514లో గానీ కోట లొంగలేదు. అంత ఎత్తున కోట కట్టినవాడికి కావలసింది చూపు. వచ్చేవాడు దూరం నుంచే కనిపించాలి. టవరు కట్టేవాడికి కావలసిందీ అదే. ఫోను వాడే తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా పోతాయి, అడ్డం వస్తే ఆగిపోతాయి. నలభై మీటర్ల టవరు మీద నుంచి చదును నేల మీద రేడియో చూపు పాతిక కిలోమీటర్లు. చుట్టుపక్కల నేలకంటే ఏడు వందల మీటర్లు ఎత్తున్న కొండ కొమ్ము నుంచి అయితే వంద దాటుతుంది. కానీ అదే కొండ అవతలివైపు పల్లెకి అడ్డుగోడ. వెలిగొండల పొడవునా ఈ తంటానే. గట్టు ఎక్కితే నాలుగు గీతలు, మలుపు తిరిగితే సున్నా. "సిగ్నల్ పడదు" అనే మాట అక్కడ వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెబుతారు.

అందుకే పోలీసులూ, అటవీశాఖా వైర్‌లెస్ సెట్టు వదల్లేదు. ఎర్రచందనం కొండల్లో తిరిగేవాడికి సెల్‌ఫోను నమ్మకం కాదు. ఎన్నికలప్పుడు సిగ్నల్ అందని పోలింగు కేంద్రాలను 'షాడో ఏరియా'లుగా గుర్తించి వైర్‌లెస్ సెట్టో, కబురు మోసే మనిషినో పెట్టడం ఇప్పటికీ ఉంది. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు వినాలి, 'ఓవర్' అనాలి. అరవై, డెబ్బై ఏళ్ళ నాటి పద్ధతి. కానీ ఆ సెట్టుకీ ఈ సెట్టుకీ మధ్య టవరు లేదు, ఫైబరు లేదు, సర్వరు లేదు. మధ్యలో ఏమీ లేదు కాబట్టి మధ్యలో తెగేదీ లేదు.

మా పనిలో దీన్ని డిపెండెన్సీ అంటాం. ఒక ప్రోగ్రాము ఇంకెన్నిటి మీద ఆధారపడిందో అన్ని చోట్ల అది ఆగిపోగలదు. వాట్సాపులో ఆత్మకూరు నుంచి పక్క ఊరికి పంపిన మాట టవరు ఎక్కి, ఫైబరు మీద నగరానికి పోయి, దేశాలు దాటి సర్వరు తాకి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి వస్తుంది. మామూలు రోజు అది రెప్పపాటు. మామూలు కాని రోజు ఏమవుతుంది?

1989 నవంబరులో గే అనే తుఫాను థాయిలాండు దగ్గర పుట్టి, మలయా ద్వీపకల్పం దాటి, బంగాళాఖాతమంతా ఈదుకుంటూ వచ్చి మన కావలి దగ్గర ఒడ్డెక్కింది. గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటింది. కరెంటు, టెలిఫోను తీగలు కుప్పకూలాయి. 2021 నవంబరులో సోమశిల నుంచి పెన్నకి లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది. సోమశిల ఆత్మకూరు ముంగిట్లోనే ఉంది. ఫైబరు తీగలు సాధారణంగా రోడ్ల వెంటే, వంతెనల మీదుగానే నడుస్తాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ అయితే ఖర్చు తగ్గించడానికి కరెంటు స్తంభాల మీదనే తీగ లాగింది. తంతి స్తంభాల కాలం తిరిగొచ్చినట్టే. చవగ్గా పల్లెలకి చేర్చింది, మంచిదే. కానీ స్తంభం పడితే కరెంటు, కబురు రెండూ ఒకేసారి పోతాయి. వరద వస్తోందని అందరి ఫోన్లూ ఒక్కసారి మోగే హెచ్చరిక పద్ధతి కూడా టవరు నిలబడి ఉంటేనే మోగుతుంది.

ఇక్కడే హామ్ రేడియో గురించి చెప్పాలి. లైసెన్సు పరీక్ష రాసి, సొంత కాల్‌సైన్ తెచ్చుకుని, ఇంట్లోంచే ప్రపంచంతో మాట్లాడే అభిరుచి అది. రాజీవ్ గాంధీకి ఉండేది. 1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ అండమాన్‌లో ఉండగా సునామీ వచ్చింది. సరదాగా దూరదేశాల వాళ్ళతో మాట్లాడటానికి పెట్టుకున్న రేడియో, ద్వీపాలకీ దేశానికీ మధ్య కబురు మోసే దారి అయింది.

కొండ ప్రాంతాలకి దీనిలో ఒక ప్రత్యేక సౌలభ్యం ఉంది. ఏడు మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పౌనఃపున్యాల్లో తరంగాన్ని దాదాపు నిటారుగా పైకి పంపితే, పరిస్థితులు బాగున్నప్పుడు అయనోవరణం తాకి, గొడుగు మీద నుంచి జారిన వానలా చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. మధ్యలో వెలిగొండ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. దానికి కావలసింది ఒక సెట్టు, కారు బ్యాటరీ, రెండు చెట్ల మధ్య కట్టిన ఇరవై మీటర్ల రాగితీగ. మాట వినపడనంత బలహీనంగా ఉంటే మోర్స్ ఉంది. చుక్కలూ గీతలూ రొదలోంచి కూడా చెవికి దొరుకుతాయి. ప్రపంచమంతటా హామ్ పరీక్షకి మోర్స్ తప్పనిసరి అన్న నిబంధన 2003లో ఎత్తేశారు. ఆ మరుసటి ఏడే ఈమెయిలు చిరునామాల కోసం '@' గుర్తుకి మోర్స్‌లో ఒక సంకేతం చేర్చారు. చచ్చిపోయిన భాషకి ఎవరూ కొత్త అక్షరం చెక్కరు. విమానాలకి దారి చూపే రేడియో కేంద్రాలు తమ పేరు ఇప్పటికీ మోర్స్‌లోనే చెప్పుకుంటున్నాయి.

అయితే పాతది గొప్పది అని చెప్పి ముగించడానికి నాకు మనసొప్పదు. ఎందుకంటే హామ్ రేడియో వల్ల మామూలు రోజున ఊరికి ఏ ఉపయోగమూ లేదు. వ్యాపారానికి వాడకూడదు, రహస్యం ఉండదు, లైసెన్సు లేనివాడు ముట్టుకోకూడదు. నలుగురికి ఒక్కసారిగా పనికొచ్చే సాధనమూ కాదు. వేలమంది బంధువులకి 'క్షేమం' అని చెప్పడం దానివల్ల కాదు. కలెక్టరాఫీసుకి 'ఈ ఊరికి పడవ కావాలి' అని చెప్పడం అవుతుంది. ఆ ఒక్క వాక్యం విలువ వరద రోజున తెలుస్తుంది, మిగతా రోజుల్లో తెలీదు.

సమస్య అదే. రోజూ పనిలేని సాధనం అటకెక్కుతుంది. రేడియో దుమ్ము దులిపి పెట్టుకోవచ్చు గానీ చెయ్యి తిరిగిన మనిషిని అటక మీద దాచిపెట్టలేం. పంచాయితీ రేడియో ఫోన్లు వాడిపోయింది సాంకేతికత తప్పువల్ల కాదు, బాగుచేసేవాడు అందుబాటులో లేక. తంతి ఆపరేటర్లు రిటైరైపోయారు, వాళ్ళ చెవులకి ఉన్న విద్య వాళ్ళతోనే పోతోంది. సర్వర్ల పనిలో మేం బ్యాకప్ ఉందని ఊరుకోం. దాని మీదికి ఏడాదికోసారైనా కావాలని మారి చూస్తాం. వాడి చూడని బ్యాకప్‌ని ఉన్నట్టు లెక్కపెట్టం. జిల్లా విపత్తు ప్రణాళికల్లో వైర్‌లెస్ గురించి ఒక పేరా రాయడం తేలిక. ఆ పేరా పనిచేస్తుందా అన్నది ఎండకాలంలోనే ఒకరోజు సెల్‌ఫోన్లు పక్కనపెట్టి చూసుకోవాలి.

ఇంటర్నెట్టు కాలంలో పాత సాధనం బతికుందా అన్న ప్రశ్నకి మెట్ట నుంచి నాకు దొరికిన జవాబు ఇది. చట్టంలో బతికింది, అక్కర్లేనంతగా. కంప్యూటరు లోపల బతికింది, ఎవరికీ తెలియకుండా. అవసరమున్న చోట, అంటే కొండ నీడలోనూ ఏటి ఒడ్డునా, నేర్చుకునే నలుగురు ఉన్నంతవరకే బతుకుతుంది. ఆత్మకూరు, ఉదయగిరి వైపు కాలేజీల్లో చదివే పిల్లల్లో పదిమంది హామ్ పరీక్ష రాస్తే ఆ నలుగురూ దొరుకుతారు. ఒక తీగ కట్టడం, ఒక బ్యాటరీ చార్జి చేసి పెట్టుకోవడం, వారానికి ఒక సాయంత్రం నెల్లూరుతోనో కడపతోనో మాట్లాడి చూడటం వాళ్ళకి ఆటలాగే ఉంటుంది. మన దగ్గర తుఫానులు ఎక్కువగా నవంబరులోనే వస్తాయి. పరీక్షకి చదువుకోవడానికి వేసవి సెలవులు చాలు.